ముక్కులో దాక్కున్న ‘వద్దు’

వాగుడుకాయ అన్నది అతని అసలు పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. అసలు పేరు వాళ్లమ్మకీ, బడి రిజిస్టరుకీ మాత్రమే తెలుసు. వృత్తి క్షౌరం. చేతిలో కత్తి, నోట్లో కథ రెండూ ఒకేసారి మొదలై ఒకేసారి ఆగేవి. అతని కుర్చీలో కూర్చున్నవాడికి గడ్డం పోయిన సంగతి ఇంటికి వెళ్లి అద్దం చూసుకుంటే గాని తెలిసేది కాదు, ధ్యాసంతా కథ మీదే ఉండేది మరి. ఒకసారి వీధిలో కోళ్లన్నీ తెల్లవారిన సంగతి మరిచిపోయి తన కిటికీ కింద చేరి చెవులు రిక్కించాయని అతనే చెప్పేవాడు. కోళ్లకి చెవులెక్కడివయ్యా అని అడిగితే, "లేవు కాబట్టే అంత కష్టపడి రిక్కించాయి" అనేవాడు.

అలాంటి మనిషి మూగవాడైపోయాడు. జబ్బు చేసి కాదు, ఊరు మారి.

భార్యకి కొత్త ఊళ్లో బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టే పని దొరికింది. ఆమె తల్లీ, అన్నా కొన్నేళ్లుగా అక్కడే స్థిరపడి ఉన్నారు. అక్కడా గడ్డాలు మొలుస్తాయి కదా అనుకుని వాగుడుకాయ కత్తుల పెట్టె చంకన పెట్టుకుని ఆమె వెంట వచ్చేశాడు. గడ్డాలు మొలుస్తున్న మాట నిజమే. ఆ గడ్డాల మధ్య నుంచి బయటికొచ్చే మాట మాత్రం ఒక్కటీ అర్థం కాలేదు. భార్యకి ఆ చిక్కు లేదు, బొత్తాలకి భాష అక్కర్లేదు. మనుషుల మెడల మీద కత్తి పెట్టేవాడికి అలా కుదరదు.

సెలూన్ యజమానురాలు పొడుగాటి మనిషి. గొంతు వింటే కత్తెర ఆడుతున్నట్టు ఉంటుంది. వాగుడుకాయ చేత అతని బావ గడ్డమే గీయించి, నున్నటి చెంప మీద వేలు రాసి చూసి, గబగబా ఏదో చెప్పి, షరతుల కాగితం ఒకటి బావ చేతిలో పెట్టింది. బావ అంటే భార్యకి అన్న. అతనే తువ్వాలుతో నురగ తుడుచుకుంటూ దాన్ని విడమరిచాడు.

"నీ చెయ్యి బంగారమంటోంది బావా. కానీ ఈ ఊళ్లో లైసెన్సు లేకుండా ఎవరి మెడ మీదా కత్తి పెట్టకూడదట. పరీక్ష ఈ ఊరి భాషలోనే. ఒక పూట రాత, ఒక పూట చేత. మనిషిని కూర్చోబెట్టి, అతను చెప్పింది విని, చెప్పినట్టు చెయ్యాలి. గెలిచావా, కిటికీ పక్క కుర్చీ నీది. లేదా, ఇంకొకణ్ణి చూసుకుంటుందట. అప్పటిదాకా నురగ కలుపు, తువ్వాళ్లు వేడి చెయ్యి, నేల ఊడువు."

"మాట్లాడొచ్చా?"

"ఏ భాషలో?" అన్నాడు బావ.

వాగుడుకాయ నోరు తెరిచి, మూశాడు. పుట్టి బుద్ధెరిగాక అతను తెరిచిన నోరు ఊరికే మూయడం అదే మొదలు.

బావది అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. ఎదుటివాడు ఆవలించినా ఎక్కడ కామా పెట్టాలా అని చూసే రకం. ఆ ఊరి భాషకి వ్యాకరణ పుస్తకం ఒకటి తెచ్చాడు, దిండు కింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. క్రియలు, వాటి తోకలు, తోకలకి తోకలు. వాగుడుకాయ నురగ కలుపుతూ వల్లించాడు, నేల ఊడుస్తూ వల్లించాడు, నిద్రలో వల్లిస్తుంటే భార్య వీపు మీద ఒక్కటి వేసి పక్కకి తిప్పింది. చివరికి ఒకరోజు ధైర్యం చేసి సెలూన్లో ఒక పెద్దాయనకి తువ్వాలు చుడుతూ నోరు విప్పాడు. ఆ భాషలో అతనన్నది మన మాటల్లో ఇలా ఉంటుంది: "ఆర్యా, తమ శిరంబును ఒకింత వంచుదురు గాక!"

పెద్దాయన లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. ఏ మహారాజు వేంచేశాడో అనుకున్నాడు పాపం. తర్వాత ఆయన నవ్వి ఏదో జవాబు చెప్పాడు. ఆ జవాబు తెగిన దండలోని పూసల్లా నేలంతా దొర్లిపోయింది తప్ప వాగుడుకాయ చెవిలో ఒక్క పూస పడలేదు. బోర్డులు చదవగలడు, పత్రిక చదవగలడు. నోటి నుంచి వస్తే చాలు, చెవిలో నీళ్లు దూరినట్టే.

"పుస్తకంలో మాటలకి నోరెక్కడిది అల్లుడుగారూ?" అంది అత్తగారు. ఆవిడ ఇంట్లోనే బట్టలకి ఇస్త్రీ చేస్తుంది. బల్ల మీద ఒక పక్క ఇస్త్రీపెట్టె, ఇంకో పక్క రేడియో. రెంటిలో ఏది ఎక్కువ వేడెక్కుతుందో చెప్పలేం. "నేనొక్క అక్షరం నేర్చుకున్నానా? చెవి అప్పగించాను, అంతే. నా పక్కన కూర్చోండి. అదే ఎక్కుతుంది."

"ఏం ఎక్కుతుందమ్మా, పిచ్చి ఎక్కుతుంది," అన్నాడు బావ.

"నీకు పుట్టుకతోనే ఎక్కింది, నువ్వూరుకోరా."

వాగుడుకాయ వ్యాకరణాన్ని అటక మీదికి ఎక్కించి రేడియో పక్కన చేరాడు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. వాతావరణం, ప్రకటనలు, వార్తలు, నాటకం, మళ్లీ ప్రకటనలు. పోనుపోను ఆ భాష రాగం పట్టుబడింది. ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వాలుతుందో, కోపం ఎలా ఉంటుందో, లాలింపు ఎలా ఉంటుందో తెలిసిపోయింది. మాటలు కూడా కొన్ని చెవికి అంటుకున్నాయి. వాటిలో బాగా అంటుకున్నది ‘దోరి’. మరకల సబ్బు ప్రకటనలో ఒకావిడ గంటకోసారి "దోరి! దోరి! దోరి!" అని పాడుతుంది. అంటే తీసెయ్యి, వదిలించు, లేకుండా చెయ్యి అని. వాగుడుకాయకి ఆ మాట తెగ నచ్చింది. కత్తి పట్టేవాడికి అంతకన్నా కావలసిందేముంది?

కొంప ముంచింది కూడా అదే.

ఒకరోజు యజమానురాలు పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్లింది. కిటికీ పక్కది తప్ప కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఒక బస్సు డ్రైవరు తొందరగా వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. ఆయన మీసం గురించి చెప్పాలి. ఆ మీసం బస్సు మలుపు తిరిగే ముందే మలుపు తిరిగేదని, ట్రాఫిక్ పోలీసు బస్సుని కాకుండా మీసాన్ని చూసి చెయ్యి ఊపేవాడని ఊళ్లో చెప్పుకునేవారు. ఆయన మొహాన తువ్వాలు కప్పుకుని, మీసం మీద వేలు పెట్టి, తువ్వాలు కింద నుంచి "దోరి" అన్నాడు. చివర్లో కొంచెం ముక్కుతో మూలిగాడు. జలుబు కాబోలు అనుకున్నాడు వాగుడుకాయ.

కత్తి పట్టి ఎన్నాళ్లయిందో! లైసెన్సు లేదన్న సంగతి చేతికి గుర్తు లేదు. తువ్వాలు అంచు పైకి మడిచి, మెత్తగా, ముద్దుగా, ఒక్క గీతతో కుడివైపు మీసం దోరి చేసేశాడు.

ఆయన తువ్వాలు తీసి అద్దంలోకి చూశాడు. ఆ తర్వాత వచ్చిన కేకకి సీసాల్లో పౌడరు ఎగిరిందంటారు. అది నిజమో కాదో గాని, మర్నాటి నుంచి ఆయన బస్సెక్కడానికి జనం వెనకాడిన మాట నిజం. కుడివైపు మీసం లేని మనిషి బస్సు కుడికి తిప్పగలడా అని వాళ్ల అనుమానం.

యజమానురాలు తిరిగొచ్చి, వాచిన దవడతోనే దులిపేసింది. ఈసారి బావ అవసరం లేకుండానే సగం అర్థమైంది. పరీక్ష దాకా కుర్చీని ముట్టుకోకూడదు. పరీక్ష పోతే తువ్వాళ్ల పని కూడా ఉండదు.

ఇంటికొచ్చి వాగుడుకాయ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కథ లేదు, జోకు లేదు. భార్యకి అది చూసి భయమేసింది.

"ఏవండీ, ఏదైనా మాట్లాడండి. పోనీ నన్ను తిట్టండి."

"ఏ భాషలో తిట్టను?" అన్నాడతను. "నోట్లో నాలుక ఉందని నువ్వు చెబితే గాని నాకే నమ్మకం కలగడం లేదు."

అత్తగారు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఇంతకీ ఆయనేమన్నాడు అల్లుడుగారూ? అన్నది అన్నట్టు అనండి."

వాగుడుకాయకి విన్నది విన్నట్టు పలకడం చేతనవును. రాగంతో సహా, మూలుగుతో సహా అన్నాడు. "దోరిఁ."

"సరిగ్గానే ఉందే! తీసెయ్యమన్నాడు. తీసేశారు. వాడిదే తప్పు. ఈ ఊళ్లో అందరికీ ఆ జలుబు ఉంటుంది, నేనొచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, గాలి అలాంటిది."

"ఉండమ్మా!" బావ చదువుతున్న కాగితం కింద పడేశాడు. "ఇంకోసారి అను బావా."

"దోరిఁ."

"దోరినేవు! పుస్తకంలో ‘దోరినేవు’ అని ఉంటుంది. తీయొద్దు అని! ఆ ‘నేవు’ అనేదే ‘వద్దు’. నువ్వు దాన్ని వందసార్లు వల్లించావు కదా!"

"వల్లించాను. ఆయన అననే లేదే! ‘నేవు’ లేదు, గీవు లేదు. మూలుగొక్కటే."

"ఆ మూలుగే నేవు! మింగేశారు. మింగేసి ముక్కులో దాచుకున్నారు." బావ లేచి పచార్లు మొదలుపెట్టాడు. "మన అరసున్న లేదూ? పాత పుస్తకాల్లో ఉంటుంది, నోట్లో ఉండదు. వీళ్లది తిరగేసిన అరసున్న. నోట్లో ఉంటుంది, పుస్తకంలో..." అని ఠక్కున ఆగిపోయాడు. మొహం ఎర్రబడింది.

"ఏమైందన్నయ్యా?" అంది చెల్లెలు.

"ఏం లేదు. పార్కులో ఒకసారి ఒకాయన నన్ను చూసి ‘కూర్చోఁ’ అన్నట్టు ఏదో అరిచాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుని దణ్ణం పెట్టి మరీ కూర్చున్నాను. బెంచీకి అప్పుడే ఆకుపచ్చ రంగు వేశారు."

"ఆ ప్యాంటుకి ఆకుపచ్చ ఎలా వచ్చిందని అడిగితే గడ్డి మీద జారానన్నావు కదురా!" అని అత్తగారు పకపకా నవ్వింది. నవ్వు మధ్యలో ఆవిడకీ ఏదో తట్టింది. చెయ్యి నోటి మీదికి పోయింది.

"ఒరేయ్. అయితే నాటకంలో ఆ నావల ఆసామి భార్య..."

"ఏ నాటకం?"

"రోజూ వచ్చేదేరా. పెద్దావిడ ఉంటుంది. ఎంత మంచి మనిషనుకున్నావు! కొడుకుని ‘వెళ్లరా’ అంటుంది, కూతుర్ని ‘ఆ అబ్బాయినే చేసుకోవే’ అంటుంది, కోడల్ని ‘పాడుకోవే’ అంటుంది. వాళ్లే ఏడుపుమొహాలు, ఒక్కరూ వినరు. ఇన్నేళ్ల నుంచీ ఆ మహాతల్లి కోసం నేను కన్నీళ్లు పెట్టుకుంటున్నాను. ప్రతి మాట చివరా ఆవిడకీ ఆ జలుబే."

బావ కళ్లు తేలేశాడు. "నావల ఆసామి భార్యా? దీపస్తంభం పక్క ఇల్లా? అమ్మా, చెవుడున్నవాళ్ల కోసం ఆ నాటకాన్ని మాట పొల్లుపోకుండా మా అచ్చాఫీసులోనే చిన్న పుస్తకాలుగా వేస్తారు. ప్రూఫులు దిద్దేది నేనే. అంత దుర్మార్గురాలు ఇంకొకతి లేదు! వెళ్లొద్దు, చేసుకోవద్దు, పాడొద్దు. ‘నేవు’ లేకుండా ఒక్క వాక్యం ఉండదు!"

ఒకే ఇంట్లో, ఒకే నాటకం. తల్లి చదవలేదు, కొడుకు వినలేదు. తల్లి చెప్పే మహాతల్లీ, కొడుకు చెప్పే దుర్మార్గురాలూ ఒక్కతే అని ఇద్దరికీ ఆ పూటే తెలిసింది. అత్తగారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన మనిషి పోయినంత దిగులు పడి, ఒక చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

వాగుడుకాయ మాత్రం గోడ వదిలి లేచాడు. "బావా, ఆ పుస్తకాలు పట్రా. అత్తయ్యా, ఆ రేడియో కట్టెయ్యకండి."

నాటకాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం మళ్లీ ఒకసారి వేస్తారు. పొద్దున కళ్లు మూసుకుని వినడం, ఏ ముక్క దొరికితే ఆ ముక్క. మధ్యలో బావతో కూర్చుని అదే భాగాన్ని పుస్తకంలో చదవడం. ఎక్కడ ఏ తోక ఉందో, నోరు దాన్ని ఎంతవరకు కొరికేసిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవడం. సాయంత్రం పుస్తకం మూసి మళ్లీ వినడం. పొద్దున గలగలా దొర్లిపోయిన పూసలు సాయంత్రానికి ఒక్కొక్కటే దండకి ఎక్కుతుంటే అతనికి ఒళ్లు పులకరించేది. అటక మీది వ్యాకరణం కిందికి దిగింది. ఇప్పుడందులోని సూత్రాలకి గొంతులు వచ్చాయి. ఫలానా సూత్రం చదివితే నావల ఆసామి భార్య కసురు వినిపించేది. ఇంకో సూత్రానికి కోడలి ఎక్కిళ్లు.

తర్వాత నోటి పని. బుడగకి నురగ రాసి కత్తితో గీస్తూ, రేడియోతో పాటు తనూ పలికేవాడు. క్రియ దగ్గర తడబడితే బుడగ ఢామ్మనేది. పక్కింటివాళ్లు మొదట పోలీసులని పిలుద్దామనుకున్నారు. తర్వాత ఆ చప్పుళ్లు తగ్గుతుంటే, ఏమిటి మీవాడికి ఒంట్లో బాగాలేదా అని అడిగారు. రాగం తప్పితే అత్తగారు "ఊహూఁ, అది వాతావరణం రాగం, మనిషి రాగం కాదు" అనేది. తోక తప్పితే బావ దగ్గేవాడు. భార్యది అన్నిటికన్నా కష్టమైన పాత్ర, గిరాకీ. మొహం మీద తడి తువ్వాలు, పెదవుల మీద నురగ, తల వెనక్కి వాల్చి, పుస్తకంలో చూసి బట్టీ పట్టిన వాక్యాలు గొణిగేది. కుర్చీలో కూర్చున్న ఏ మనిషీ పెదవులు కనబడేలా మాట్లాడడు కదా.

"పక్కన వెంట్రుకలు దోరిఁ," అని గొణిగింది ఒకసారి.

"తీయనులే తల్లీ," అన్నాడు వాగుడుకాయ, ఆ భాషలోనే, ఆలోచించకుండానే. అని, తనేమన్నాడో తనే విని, నురగ కుంచె పట్టుకుని గది చుట్టూ గంతులేశాడు.

పరీక్ష రోజు వచ్చింది. పెద్ద హాలు, వరసగా కుర్చీలు, వాటి ముందు అద్దాలు. పొద్దున పూట రాత. కత్తి ఎలా శుభ్రం చెయ్యాలి, ఎలాంటి చర్మం మీద పెట్టకూడదు, తెగితే ఏం చెయ్యాలి. మూరెడేసి వాక్యాలు, వాక్యం చివర తోకకి తోక. వ్యాకరణం తెలియనివాడు అందులో దూరితే బయటికి దారి దొరకదు. వాగుడుకాయ బావని తలుచుకుంటూ తోకలన్నీ విప్పుకుని, అన్నిటికీ జవాబులు రాసి, ముందుగానే కలం మూశాడు.

మధ్యాహ్నం చేత. పరీక్షాధికారులు ఇద్దరు, ఒక బట్టతల ఆయన, ఒక కళ్లజోడు ఆవిడ. అతని కుర్చీలోకి ఒక లావుపాటి గిన్నెల వ్యాపారి వచ్చి కూర్చున్నాడు. వేడి తువ్వాలు కప్పగానే దాని కిందనుంచి బుడబుడలాడుతూ మొదలుపెట్టాడు. జుట్టు పొట్టిగా, చెవుల దగ్గర ఇంకా పొట్టిగా, గడ్డం నున్నగా. తర్వాత దవడ కింద పుట్టుమచ్చ మీద వేలు పెట్టుకున్నాడు. దాని మీద పొడుగాటి వెంట్రుక ఒకటుంది, ఒంటరిగా, దర్జాగా. "ఇది దోరిఁ," అన్నాడు.

కళ్లజోడు ఆవిడ కలం ఎత్తి పట్టుకుంది. వాగుడుకాయకి ఆ ముక్కుస్వరం గంట కొట్టినట్టు వినిపించింది.

"దాన్నెందుకు ముట్టుకుంటానండీ? ఇంత అందగాణ్ణి!" అని ఆ వెంట్రుకని దువ్వెనతో పక్కకి దువ్వి, పిన్నుతో ఒద్దికగా నిలబెట్టాడు.

తువ్వాలు కదిలింది. లోపల మనిషి మురిసిపోతున్నాడు. "మాటకారివే! ఈ హాలు చూడు, శ్మశానంలా ఉంది. ఏదైనా చెప్పు."

ఏదైనా చెప్పు! ఆ మాట కోసం ఆ నోరు ఎన్నాళ్ల నుంచి ఎదురుచూస్తోందో. చేతిలో కత్తి కదిలింది, నోట్లో కథ కదిలింది, రెండూ ఒకేసారి.

"మా ఊళ్లో ఒకాయన ఉన్నాడండీ. ఆయన గడ్డం ఎంత జోరుగా పెరిగేదంటే, కుడిచెంప గీసి ఎడమచెంపకి వచ్చేసరికి కుడివైపు మళ్లీ మొలిచేది. నేను కుడికి పరిగెత్తేవాణ్ణి. ఈలోగా ఎడమవైపు. పొద్దున కూర్చున్న మనిషి సాయంత్రానికి కూడా అలాగే ఉండేవాడు. ఇలా కాదని మా తమ్ముణ్ణి పిలిచాను. కుడివైపు నేను, ఎడమవైపు వాడు."

పక్క కుర్చీల్లో కత్తెరల చప్పుడు తగ్గింది. అతను ఎక్కడో ఒక క్రియకి తప్పు తోక తగిలించాడు, ఎవరూ పట్టించుకోలేదు.

"అప్పుడు కుదిరిందా?" అన్నాడు వ్యాపారి.

"కుదిరేదే. మధ్యలో చుబుకం కింద గుబురు ఒకటి మిగిలింది కదండీ, దానికి మనిషి లేడు. అక్కణ్ణుంచి మళ్లీ రెండు పక్కలకీ పాకేది. ఆయనేమో, పూర్తయ్యేదాకా కుర్చీ దిగనని ఒట్టు పెట్టాడు."

"మరి ఏం చేశావు?"

ఇక్కడ వాగుడుకాయ కత్తిని గొంతు మీద నుంచి మెల్లగా ఎత్తి, దూరంగా పట్టుకున్నాడు. ఎత్తాకే అన్నాడు.

"ఏముందండీ, నీళ్లు తెస్తానని చెప్పి ఇలా మీ ఊరు వచ్చేశాను. తమ్ముడు ఇంకా గీస్తూనే ఉన్నాడు."

గిన్నెల వ్యాపారి నవ్వుకి కుర్చీ కిర్రుమంది. పొట్ట ఎగిరింది, తువ్వాలు జారింది, నురగ పోయి బట్టతల పరీక్షాధికారి కోటు మీద పడింది. ఆయన అది తుడుచుకోకుండా గోడ పట్టుకుని నవ్వుతున్నాడు. పక్క కుర్చీలవాళ్లు, వాళ్ల గిరాకీలు, తలుపు దగ్గర కాపలా మనిషి, హాలంతా ఒక్కసారి గొల్లుమంది.

కళ్లజోడు ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకుంది. "నవ్వు రాబోతోందని ముందే కత్తి ఎత్తావు," అంది.

"ఎత్తకపోతే మెడ తెగుతుంది కదండీ."

"అది సరే. మా భాషలో నవ్వు ఎక్కడ పడుతుందో నీకెలా తెలిసింది?"

వాగుడుకాయ కత్తి తువ్వాలుకి తుడిచాడు. "వినబడిందండీ," అన్నాడు. "ఎక్కడ పడాలో చదువుకున్నాను కూడా."

ఆవిడ కాగితం మీద సంతకం చేసి, ముద్ర గట్టిగా గుద్దింది.

బయట వరండాలో ముగ్గురూ నిలబడి ఉన్నారు. హాల్లోంచి గొల్లుమన్న చప్పుడు విని, అల్లుడు మళ్లీ ఎవరి మీసమో తీశాడని అత్తగారు బెంచీ మీద చతికిలపడింది. వాగుడుకాయ తలుపు తోసుకుని వచ్చాడు, వస్తూనే మొదలుపెట్టాడు. పుట్టుమచ్చ, వెంట్రుక, తమ్ముడు, నురగ పడ్డ కోటు, అన్నీ, చేతులు తిప్పుతూ, ఊపిరి తిప్పుకోకుండా. అంతా ఆ ఊరి భాషలోనే.

"రాగం భేష్!" అంది అత్తగారు లేచి.

"రెండో వాక్యంలో తోక తప్పు," అన్నాడు బావ, కళ్లు తుడుచుకుంటూ.

భార్య అతని రెండు భుజాలూ పట్టుకుని ఊపింది. "కథ తర్వాత చెబుదురు గాని, ముందు మన భాషలో ఒక్క ముక్క చెప్పండి. గెలిచారా, లేదా?"

వాగుడుకాయ ముద్ర పడ్డ కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

"గెలిచానే!" అని, ఆ ఒక్క ముక్కతో తనివి తీరక, పరీక్షాధికారి కోటు మీది నురగ గాలికి ఎగిరి ఊరి మీద మబ్బై నిలబడిన వైనం అందుకున్నాడు. సెలూన్ దాకా నడిచినంతసేపూ అది ఆగలేదు. యజమానురాలు తలుపు దగ్గరే కాగితం చూసి, కిటికీ పక్క కుర్చీ మీది దుమ్ము తన చేత్తోనే దులిపింది. అప్పటికి ఆ మబ్బు నురగ కురిసి ఊళ్లో ప్రతి మనిషి గడ్డం తడిసి ఉంది, వరసలో నిలబడమని అతను వీధిలోకి కేకేస్తున్నాడు.